93, 3.4, 18: ఒక ఆట, మూడు అంకెలు

దసరా సెలవులకు తోటపల్లి గూడూరులోని మా ఇల్లు పిల్లలతో నిండుతుంది. ఈసారి హైదరాబాదు నుంచి వచ్చిన మా పెద్ద మనవడు బట్టల సంచితోపాటు వీడియో గేములు ఆడే ప్లేస్టేషన్‌ను కూడా మోసుకొచ్చాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. మా రెండో అమ్మాయి కొడుక్కి పదకొండేళ్లు. పగలంతా కోడూరు సముద్రపు ఒడ్డున ఇసుకలో పొర్లి వచ్చిన చిన్నవాడు పడుకోగానే నిద్రపోవాలి. కాని మూడో రోజు రాత్రి రెండు గంటలకు నా మంచం పక్కకు వచ్చి నిలబడ్డాడు. "తాతయ్యా, చీమలకు పట్టే బూజు మన తలలోకి కూడా వస్తుందా?" అని అడిగాడు.

ప్రభుత్వ ఆసుపత్రులలో మూడు దశాబ్దాలకు పైగా రోగుల ప్రశ్నలు విన్నాను. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. వాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని, తెల్లవారిన తరువాత విచారించాను. అర్ధరాత్రి ముందు గదిలో పెద్దవాడు ఆడుతున్న ఆటను చిన్నవాడు తలుపు సందులోంచి రెండు రాత్రులుగా చూస్తున్నాడట. ఆ ఆట పేరు 'ద లాస్ట్ ఆఫ్ అస్: పార్ట్ 2'. అమెరికాలోని నాటీ డాగ్ అనే సంస్థ తయారుచేయగా సోనీ కంపెనీ 2020 జూన్ 19న విడుదల చేసింది. 2013లో వచ్చిన మొదటి భాగానికి ఇది కొనసాగింపు.

పెద్దవాణ్ణి మందలించబోతే వాడు నాకొక అంకె చూపించాడు. "తాతయ్యా, ఇది అల్లాటప్పా ఆట కాదు. విమర్శకులు నూటికి 93 ఇచ్చారు" అన్నాడు. మరి ఆడినవాళ్లు ఎంత ఇచ్చారని అడిగాను. వాడు కాస్త తడబడి, "మొదట్లో పదికి 3.4" అన్నాడు.

ఒకే మనిషి రక్తాన్ని రెండు ప్రయోగశాలలకు పంపినప్పుడు ఫలితాలు ఇంత తేడాగా వస్తే, వైద్యుడు ముందుగా రోగిని అనుమానించడు. పరీక్ష ఎలా చేశారో అడుగుతాడు. ఆ అలవాటుకొద్దీ, చిన్నవాడు వాళ్ల అమ్మమ్మతో బయటికి వెళ్లిన మధ్యాహ్నాలలో నేను పెద్దవాడి పక్కన కూర్చుని ఆటలోని ముఖ్య ఘట్టాలన్నీ చూశాను. దాని గురించి వచ్చిన అభిప్రాయాలను కూడా చదివాను. ఈ వ్యాసంలో కథలోని రహస్యాలను చెప్పక తప్పదు. ఆడబోయేవారు గమనించగలరు.

ముందుగా బూజు సంగతి

చిన్నవాడి ప్రశ్నకు సమాధానం చెప్పి ముందుకు వెళతాను. ఈ కథకు మూలం ఆఫియోకార్డిసెప్స్ అనే నిజమైన శిలీంధ్రం. ఉష్ణమండల అడవులలో కొన్ని జాతుల చీమలకు ఇది సోకుతుంది. సోకిన చీమ తన పుట్టను విడిచి మొక్క ఎక్కి, ఆకు ఈనెను గట్టిగా కరచి పట్టుకుని అక్కడే చనిపోతుంది. తరువాత దాని తలలోంచి కాడవంటి మొలక బయటికి వస్తుంది. ఆటలో ఇదే శిలీంధ్రం మనుషులకు సోకి, వారిని కరిచే మృగాలుగా మారుస్తుంది.

నిజజీవితంలో అది జరగదు. ఆ శిలీంధ్రం చీమ దేహానికి తగినట్టుగా లక్షల ఏళ్లలో రూపుదిద్దుకున్నది. పైగా మన శరీరపు 37 డిగ్రీల వేడిని చాలా శిలీంధ్రాలు తట్టుకోలేవు. మనం నిజంగా జాగ్రత్త పడవలసిన శిలీంధ్ర వ్యాధులు వేరే ఉన్నాయి. 2021లో కరోనా రెండో విడతలో మ్యూకర్‌మైకోసిస్, అంటే పత్రికలు బ్లాక్ ఫంగస్ అని రాసిన వ్యాధి, ఎందరి కళ్లను, ప్రాణాలను తీసిందో మనం చూశాం. అదుపు తప్పిన చక్కెర వ్యాధి, విచక్షణ లేకుండా వాడిన స్టెరాయిడ్లు దానికి దారి తీశాయి. ఆ సంవత్సరం మే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వం దాని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత శ్రద్ధ పెట్టవలసిన 19 శిలీంధ్రాల జాబితాను మొదటిసారి ప్రకటించింది. మన చక్కెరను మనం అదుపులో పెట్టుకుంటే ఈ భయంలో పెద్ద భాగం తీరిపోతుంది.

రెండు అంకెలు ఎలా పుట్టాయి?

మెటాక్రిటిక్ అనే సంస్థ విమర్శకుల మార్కులను, ఆటగాళ్ల మార్కులను విడివిడిగా లెక్కగట్టి చూపుతుంది. విమర్శకులకు ఆట ముందుగానే అందింది. వారి సమీక్షలు విడుదలకు వారం ముందు, జూన్ 12న వెలువడ్డాయి. నటన, చిత్రణ, శబ్దం, మనుషుల ముఖాలలో కనిపించే భావాలు, వీటన్నిటినీ వారు మెచ్చుకున్నారు. హింస మితిమీరిందని, నిడివి పెరిగిపోయిందని రాసినవారు కూడా వారిలో ఉన్నారు. అయినా మొత్తం మీద 93 నిలిచింది.

ఆటగాళ్ల సంగతి వేరు. ఏప్రిల్ నెలాఖరులోనే కథలోని కీలక ఘట్టాలు దొంగచాటుగా బయటపడ్డాయి. మొదటి భాగంలో అందరికీ ఆప్తుడైన జోయెల్ ఈ భాగం ఆరంభంలోనే దారుణంగా చనిపోతాడనీ, అతణ్ణి చంపిన ఆబీ అనే యువతిగా సగం ఆట ఆడవలసి వస్తుందనీ తెలిసింది. దానితోపాటు తప్పుడు వదంతులు కూడా వ్యాపించాయి. కథ ముగియడానికి 20 గంటలకు పైగా పట్టే ఆట అది. విడుదలైన రోజునే వేలాదిమంది సున్నాలు వేశారు.

ఇక్కడే మా పెద్దవాడు తలదించుకుని ఒక మాట చెప్పాడు. అప్పుడు వాడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నాడు. లాక్‌డౌన్‌లో ఇంట్లోనే ఉండి, ఆ మొదటి రోజున వాడు కూడా సున్నా వేశాడట. "ఆడి చూసే వేశావా?" అని అడిగాను. "అప్పుడు నా దగ్గర ప్లేస్టేషనే లేదు తాతయ్యా. అందరూ వేస్తున్నారని వేశాను" అన్నాడు.

వాణ్ణి నేను గట్టిగా ఏమీ అనలేదు. ఎందుకంటే ఆ తరువాతి సంవత్సరమే మన ప్రాంతంలో ఇంతకంటె పెద్ద విషయంలో పెద్దవాళ్లే ఈ పని చేశారు. 2021 మేలో మా పొరుగున ఉన్న ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం వేలాది జనం వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పరిశీలన పూర్తి కాకముందే ఒక వర్గం అది సంజీవని అన్నది. అదే పరిశీలన కోసం ఆగకుండా మా వైద్యులలో కొందరు అది విషమన్నట్టు మాట్లాడారు. చివరికి ప్రభుత్వం పంపిణీ ఆపి, పరిశీలించి, కంటిలో వేసే చుక్కలు తప్ప మిగిలినవాటికి మే నెలాఖరున అనుమతించింది. వాటివల్ల హాని కనబడలేదనీ, కరోనా నయమవుతుందనడానికి నిర్ధారణ కూడా లేదనీ తేల్చింది. ఆ తీర్పు పూజించినవారికీ రుచించలేదు, తిట్టినవారికీ రుచించలేదు. పరీక్షించి చెప్పిన మాట సాధారణంగా అలాగే ఉంటుంది.

మెటాక్రిటిక్ ఈ అనుభవం తరువాత, 2020 జూలైలో, ఒక నిబంధన తెచ్చింది. ఆట విడుదలైన 36 గంటల వరకు ఆటగాళ్లు అభిప్రాయం రాయడానికి వీలు లేదు. కనీసం కొంత ఆడి రాయండని దాని భావం. మా భాషలో చెప్పాలంటే, రోగిని చూసిన తరువాతే చీటీ రాయాలి.

సగటు దాచే నిజం

ఆటగాళ్ల అంకె తరువాత మెల్లగా పెరిగి ఐదు దాటింది. ఆ ఐదును చూసి ఆట మధ్యరకమని అనుకుంటే పొరపాటు. ఆ మార్కులలో చాలావరకు ఒక వైపు పదులు, మరొక వైపు సున్నాలు. నడిమి మార్కులు తక్కువ.

ఆసుపత్రి ఉదాహరణ చెబుతాను. వార్డులో ఒకరి రక్తంలో చక్కెర 40, పక్క మంచం మీది వ్యక్తికి 240. ఇద్దరి సగటు 140. ఆ అంకెను రాసుకుని వార్డు బాగుందనుకుని వెళ్లిపోయే వైద్యుడు ఉంటే, తెల్లవారేసరికి మొదటి రోగి బతికి ఉండకపోవచ్చు. జనం రెండుగా చీలినచోట సగటు ఎవరి స్థితినీ చెప్పదు. నక్షత్రాల గుర్తులు చూసి మందులను, ఆసుపత్రులను, వైద్యులను ఎంచుకునే ఈ రోజుల్లో దీనిని అందరూ గుర్తుంచుకోవాలి. అంకె పక్కనే రాసిన మాటలు చదవండి. ముఖ్యంగా మధ్యరకం మార్కులు వేసినవారు ఏం రాశారో చదవండి. మంచీ చెడూ రెండూ చెప్పేది సాధారణంగా వారే.

ఆ సున్నాలలో అన్నీ ఒక జాతివి కావు. కొందరిది కథ మీద నిజమైన బాధ. కొందరికి కథానాయిక ఎల్లీ మరొక అమ్మాయిని ప్రేమించడం నచ్చలేదు. కొందరు ఆబీ దేహం కండలు తిరిగి ఉన్నందుకు గేలి చేశారు. శ్రమ చేసే స్త్రీ దేహానికి కండ పట్టడంలో వింత ఏముంది? మా ఊరి నాట్లకు వెళ్లే ఆడవాళ్ల భుజాలను వీళ్లెన్నడూ చూడలేదు కాబోలు. ఇంకొందరు హద్దు మీరి, ఆబీ పాత్రకు గొంతును, అభినయాన్ని ఇచ్చిన నటి లారా బెయిలీని చంపుతామని బెదిరించారు. కల్పిత పాత్ర చేసిన కల్పిత హత్యకు నిజమైన మనిషిని శిక్షిస్తామనడం విమర్శ కాదు. అలాంటి కోపం మనలో రేగినప్పుడు ఫోను పక్కన పెట్టి నడకకు వెళ్లడం మంచిది.

చెప్పి చేయవలసిన పని

అయితే ఆటగాళ్ల కోపంలో న్యాయమైన భాగం కూడా ఉన్నదని నా అభిప్రాయం. విడుదలకు ముందు చూపిన ప్రచార చిత్రంలో, అసలు ఆటలో మరొకరు ఉన్న చోట జోయెల్‌ను ఉంచారు. విమర్శకుల మీద కూడా కథ రెండో సగం గురించి రాయకూడదన్న షరతు పెట్టారు. రహస్యం కాపాడుకోవడం కళాకారుని హక్కే. కాని సీసా మీద ఒక మందు పేరు, లోపల మరొకటి ఉంటే, లోపలిది ఎంత మంచి మందైనా రోగికి కోపం వస్తుంది. ఆ కోపాన్ని అజ్ఞానమని కొట్టిపారవేయడం కూడా తప్పే.

విచిత్రమేమంటే, ఈ ఆట కథకు మూలం కూడా ఇదే సమస్య. మొదటి భాగం చివర ఎల్లీకి పద్నాలుగేళ్లు. ఆ శిలీంధ్రం ఆమెకు సోకినా ఏమీ చేయలేకపోయింది. ఆమె మెదడులోంచి దానిని తీసి టీకా తయారుచేయాలని ఒక శస్త్రవైద్యుడు నిర్ణయిస్తాడు. ఆపరేషన్‌లో ఆమె చనిపోవడం ఖాయం. ఆమెను స్పృహలోకి రానివ్వరు, అడగరు. జోయెల్ ఆ వైద్యుణ్ణి చంపి పిల్లను ఎత్తుకుపోతాడు. ఆబీ ఆ వైద్యుని కూతురు. రెండో భాగంలో ఒక పాత ఘట్టం చూపిస్తారు. అక్కడ ఉండేది నీ కూతురే అయితే అని ఒకామె అడిగినప్పుడు ఆ వైద్యుడు జవాబు చెప్పలేకపోతాడు. తరువాత కూతురే, తనైతే ఒప్పుకునేదాన్నని తండ్రిని ఊరడిస్తుంది. కాని ఆ బల్ల మీద పడుకుని ఉన్నది ఆమె కాదు.

ఈ ఘట్టం దగ్గర నేను ఆట ఆపమన్నాను. కాసేపు మాట రాలేదు. జోయెల్ తప్పా, ఆబీ తప్పా అని ఆటగాళ్లు ఇన్నేళ్లు వాదించుకున్నారు. వైద్యుడిగా నా తీర్పు ఆ ఇద్దరికంటె ముందు ఆ శస్త్రవైద్యుని మీద ఉంటుంది. లోకంలో ఒకే ఒక రోగికి రోగనిరోధకత ఉన్నప్పుడు, రక్తం, వెన్నునీరు, చిన్న ముక్క పరీక్షలతో నెలల తరబడి అధ్యయనం చేయకుండా ఒకే కోతతో ఆ రోగినే పోగొట్టుకోవడం శాస్త్రం కాదు. శాస్త్రమే అయినా, ఆమె అంగీకారం లేనిదే అది వైద్యం కాదు. నాజీ వైద్యుల విచారణ తరువాత 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళిలో మొట్టమొదటి నియమం స్వచ్ఛందమైన అంగీకారం.

ఇది నాకు పుస్తకాల ద్వారా మాత్రమే తెలిసిన సంగతి కాదు. 1976లో నేను హౌస్ సర్జన్‌ని. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు లక్ష్యాలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. ఒక శిబిరంలో నలభై ఏళ్ల కూలీ మనిషి కాగితం మీద వేలిముద్ర వేసి బల్ల ఎక్కాడు. మత్తు సూది వేయబోతుండగా, "అయ్యా, ఇది గిలక వ్యాధికేనా?" అని నన్ను అడిగాడు. ఏ ఆపరేషనో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మనిషిని నేను బల్ల దింపించగలిగాను. అంతకుముందు వరుసలో వెళ్లినవారిని నేను అడగలేదు. వారిలో ఎంతమందికి తెలుసో, ఎంతమందికి తెలియదో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు. ఒక వీడియో గేము అర్ధశతాబ్దం నాటి ఆ బల్లను మళ్లీ నా కళ్ల ముందు పెట్టిందంటే, విమర్శకులు ఇచ్చిన 93 ఊరికే రాలేదని ఒప్పుకుంటున్నాను.

మరో విషయం కూడా మెచ్చుకోవాలి. చూపు, వినికిడి, చేతి కదలిక లోపించినవారు ఆడుకోవడానికి వీలుగా ఇందులో 60కి పైగా సదుపాయాలు ఉన్నాయి. చూపు బొత్తిగా లేనివారు కూడా శబ్దాల ఆధారంగా కథ ముగించగలరు. 2020 డిసెంబరులో గేమ్ అవార్డ్స్ వారు ఈ ఆటకు ఆ సంవత్సరపు ఉత్తమ ఆట బహుమతితోపాటు ఈ సదుపాయాలకు కూడా ప్రత్యేక బహుమతి ఇచ్చారు. మన ప్రభుత్వ కార్యాలయాల మెట్లు ఎక్కలేక కింద నిలబడే వికలాంగులను తలచుకుంటే, ఒక ఆటకున్న ఈ పాటి శ్రద్ధ మనకు పాఠం.

మూడో అంకె

ఇంతకూ పెద్దవాడు నాకు చూపించిన అంకెలు రెండు. డబ్బా మీద ఎర్రని చతురస్రంలో మూడో అంకె ఉంది: 18. అది ఐరోపా వారి పెగి సంస్థ ఇచ్చిన వయోపరిమితి. అమెరికా సంస్థ ఈఎస్ఆర్‌బి 17 ఏళ్లు దాటినవారికి అన్నది. 93, 3.4 అనే అంకెలు ఆట ఎలా ఉందో చెబుతాయి. మా ఇంట్లో పదకొండేళ్ల పిల్లవాడికి అది తగునా అన్న ప్రశ్నకు ఆ రెండింటిలోనూ జవాబు లేదు.

ఆస్పిరిన్ మంచి మందు. గుండెపోటు వచ్చినవారి ప్రాణం నిలుపుతుంది. అదే మందును జ్వరంతో ఉన్న పిల్లవాడికి ఇస్తే మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రై సిండ్రోమ్ రావచ్చు. మందు మంచిదన్న ఒక్క మాటతో చీటీ పూర్తికాదు. ఎవరికి, ఏ వయసులో, ఎంత మోతాదు అని కూడా రాయాలి. సినిమాకు 'ఏ' సర్టిఫికెట్ ఉంటే పిల్లలను తీసుకువెళ్లని మనం ఆట డబ్బా మీది అంకెను చూడం. ఆట అనగానే అది పిల్లలదే అనుకుంటాం.

అనవసరమైన భయం కూడా వద్దు. హింస ఉన్న ఆటలు ఆడితే పిల్లలు హంతకులవుతారని రుజువు లేదు. అమెరికా మానసిక శాస్త్రవేత్తల సంఘం 2020లో ఇదే చెప్పింది. అరవడం, తోసుకోవడం వంటి స్వల్ప దురుసుతనంతో కొద్దిపాటి సంబంధం ఉన్నదని మాత్రం పేర్కొన్నది. ఇక ఆటల వ్యసనం నిజమైన రుగ్మతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో దీనికి చోటు ఉంది, 2022 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. ఆట మీద అదుపు పోవడం, మిగతా జీవితంకంటె ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. ఇవి సాధారణంగా 12 నెలల పాటు కనిపించాలి. సెలవుల్లో నాలుగు రోజులు ఆడినవాణ్ణి వ్యసనపరుడని ముద్ర వేయకండి.

తల్లిదండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు నా సూచనలు ఇవి:

1. ఆట కొనేముందు మార్కులకంటె ముందు డబ్బా మీది వయసు అంకె చూడండి.

2. ఇంట్లో పెద్దవాడికి తగిన ఆట చిన్నవాడి కంట పడకుండా వేళను, గదిని నిర్ణయించండి. ఆడకపోయినా చూడటం వల్ల భయం కలుగుతుంది.

3. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పడుకునే ముందు గంటసేపు తెర వద్దు.

4. పిల్లవాడు భయపడితే గేలి చేయకండి. దేనికి భయపడ్డాడో అడిగి, అందులో నిజమెంతో, కల్పనెంతో వివరించండి.

5. నిద్ర, చదువు, తిండి నెలల తరబడి దెబ్బతింటే వైద్యుని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి ఉచితంగా సలహా పొందవచ్చు.

మా చిన్నవాడికి ఈ చివరి సలహా అవసరం రాలేదు. మరునాడు పెరట్లో గండు చీమల బారు చూపించి, ఆ శిలీంధ్రం కథంతా చెప్పాను. మనిషి ఒంటి వేడి గురించి చెప్పినప్పుడు థర్మామీటరు తెచ్చి తన వేడి తానే చూసుకున్నాడు. ఆ రాత్రి నా మంచం మీదే పడుకున్నా, మధ్యలో లేవలేదు. పద్దెనిమిదేళ్లు నిండాక ఆడుకుందువులే అంటే, "అప్పుడు మీరూ పక్కన కూర్చోవాలి" అన్నాడు. ఉంటే తప్పకుండా కూర్చుంటాను.

పెద్దవాడు హైదరాబాదు బయలుదేరే ముందు అయిదేళ్ల నాటి తన సున్నాను మార్చానని చెప్పాడు. ఎంత వేశాడో నేను అడగలేదు. ఈసారి ఆడి వేశాడు, నాకది చాలు.